మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింటే ఆపరేషన్ ఎప్పుడు? వెంటనేనా, వాపు తగ్గాకా?

మీ ప్రశ్న సారాంశం ఇది. నిన్న సాయంత్రం ఐదింటికి మీ బాబాయి, 38 ఏళ్ల మనిషి, తాటిచెట్టు మీంచి పడ్డారు. కాళ్లు కదలడం లేదు, కానీ పాదం ముట్టుకుంటే తెలుస్తోంది అంటున్నారు. చేతులు మోచేయి దగ్గర మడవగలుగుతున్నారు, చాచలేకపోతున్నారు, వేళ్లు ఆడటం లేదు. సీటీలో ఐదో మెడపూస ఆరోదాని మీద సగానికి సగం ముందుకు జారిందని రాశారు. జిల్లా ఆసుపత్రిలో ఒక డాక్టరు ఇప్పుడే హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. ఇంకొకరు వాపు తగ్గాక, వారం పది రోజుల తర్వాత ఆపరేషన్ మంచిదన్నారు. ఇంట్లోవాళ్లు ఇప్పుడు కత్తి పెడితే ఉన్నది కూడా పోతుందని భయపడుతున్నారు.

సూటిగా జవాబు: ఈ రకం దెబ్బకి వాపు కోసం ఆగకూడదు. మనిషి మత్తు తట్టుకునే స్థితిలో ఉంటే పడిన 24 గంటల లోపు, వీలైతే అంతకన్నా ముందే, వెన్నుపాము మీది ఒత్తిడి తీసేయాలి. 24 దాటితే తలుపులు మూసుకుపోయినట్టు కాదు, అలాగని వారం ఆగొచ్చని కూడా కాదు. మీకు ఇప్పటికి సుమారు 16 గంటలు గడిచాయి. ముందు బయల్దేరే ఏర్పాటు చూసుకోండి, మిగతాది దారిలో చదువుకోవచ్చు.

బయల్దేరే ముందు ఒక్క ఫోన్ చేయించండి, అది కూడా ఇక్కడి డాక్టరు అక్కడి డ్యూటీ న్యూరోసర్జన్‌తోనో వెన్నెముక సర్జన్‌తోనో నేరుగా మాట్లాడేలా. చెప్పాల్సినవి ఐదే: ఎన్ని గంటలకు పడ్డారు, ఏవి కదులుతున్నాయి ఏవి లేవు, పాదాల్లో స్పర్శ ఉంది అన్న మాట, ఇప్పటి బీపీ, నాడి, ఆక్సిజన్ అంకెలు, సీటీలో ఏముంది. సీటీ ఫిల్ములు ఫోన్‌లో ఫొటో తీసి పంపితే ఇంకా మంచిది. సీడీ చేతిలో ఉంచుకోండి. ఆ ఒక్క ఫోన్ వల్ల అక్కడ ఎంఆర్ఐ, రక్తం, ఆపరేషన్ థియేటర్ మీరు చేరకముందే కదలడం మొదలవుతుంది. "పెద్దాసుపత్రికి రిఫర్ చేశాం" అన్న కాగితం ఒక్కటే పట్టుకుని వెళ్తే క్యాజువాలిటీలో అంతా మొదటి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు కారణాలు.

వెన్నుపాముకి దెబ్బ రెండు విడతలుగా తగులుతుంది. మొదటిది చెట్టు మీంచి పడిన క్షణంలో తగిలింది. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. రెండోది ఆ తర్వాత గంటల్లో, రోజుల్లో జరుగుతుంది. నలిగిన చోట సన్నటి రక్తనాళాలు చిట్లి మూసుకుపోతాయి, ఆక్సిజన్ అందదు. చచ్చిపోతున్న కణాల నుంచి గ్లూటమేట్ అనే రసాయనం బయటికొచ్చి పక్కనున్న బతికే కణాలను కూడా చంపుతుంది. దాంతో వాపు వస్తుంది. ఆ వాపు వచ్చేది ఎముక గొట్టంలో. మెడలో ఆ గొట్టం ముందు నుంచి వెనక్కి మామూలుగా 17 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అందులో వెన్నుపాము మందం 8 నుంచి 10. పూస సగానికి సగం జారితే ఆ గొట్టంలో ఎంత చోటు మిగులుతుందో మీరే ఊహించుకోండి. వాపుకి చోటు లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే రక్తం రాదు, రక్తం రాకపోతే వాపు ఇంకా పెరుగుతుంది.

"వాపు తగ్గాక" అన్న మాటలో ఉన్న పొరపాటు ఇక్కడే. చీలమండ విరిగితే మనం నిజంగానే ఆగుతాం. చర్మం మీద ముడతలు కనిపించేదాకా ఆగకపోతే కుట్లు విచ్చుకుంటాయి. ఆ సూత్రాన్ని తెచ్చి మెడకి పెట్టారు. కాలు వాస్తే చర్మం సాగుతుంది, గొట్టంలో వాచిన వెన్నుపాముకి సాగే చోటు లేదు. అక్కడ ఆపరేషన్ చేసేదే వాపుకి చోటు ఇవ్వడానికి.

పాత తరం డాక్టర్లు ఆగమనడానికి ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని తీసిపారేయలేం. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో మెడ దెబ్బలకు 72 గంటల లోపు చేసినవాళ్లనీ, ఐదు రోజుల తర్వాత చేసినవాళ్లనీ పోల్చారు. తేడా కనిపించలేదు. కనుక తొందరేమీ లేదన్న నమ్మకం బలపడింది. కానీ 72 గంటలంటే మూడు రోజులు. పైన చెప్పిన రెండో దెబ్బ చాలావరకు జరిగిపోయాక చేసినదాన్ని "త్వరగా" అని లెక్కపెట్టారు.

ఆ తర్వాత చిత్రం మారింది. స్టాస్కిస్ అనే అధ్యయనం 2012లో వచ్చింది. మెడ దెబ్బలే, 313 మంది. 182 మందికి 24 గంటల లోపు చేశారు (సగటున 14 గంటలు), 131 మందికి ఆ తర్వాత (సగటున 48 గంటలు). దెబ్బ తీవ్రతకు ఏ నుంచి ఈ దాకా గ్రేడులుంటాయి, 'ఏ' అంటే దెబ్బ కింద ఏ కదలికా స్పర్శా లేకపోవడం, 'ఈ' అంటే మామూలు. ఆరు నెలలకు రెండు గ్రేడులు లేదా అంతకు మించి మెరుగైనవాళ్లు త్వరగా చేసిన గుంపులో 19.8 శాతం, ఆలస్యం చేసిన గుంపులో 8.8 శాతం. మీ ఇంట్లోవాళ్ల భయానికి కూడా ఇందులో జవాబుంది: ఆపరేషన్ తర్వాత చిక్కులు త్వరగా చేసినవాళ్లలో 24.2 శాతం, ఆలస్యం చేసినవాళ్లలో 30.5 శాతం. అంటే తొందరగా చేయడం వల్ల చిక్కులు పెరగలేదు.

2021లో నాలుగు పెద్ద సమాచార భాండారాలను కలిపి 1,548 మంది లెక్క చూశారు. 24 గంటల లోపు చేసినవాళ్లకు ఏడాది తర్వాత కండరాల బలం స్కోరు సగటున నాలుగు పాయింట్లు ఎక్కువ వచ్చింది. నాలుగు పాయింట్లేనా అనిపిస్తుంది. ఆ స్కోరు మొత్తం వంద, పది ముఖ్య కండరాలు, రెండు పక్కలా, ఒక్కోదానికి 0 నుంచి 5. మెడ దెబ్బలో రెండు పాయింట్లు మణికట్టులో పెరిగాయా, కాలి బొటనవేల్లో పెరిగాయా అన్నదాన్ని బట్టి బతుకు మారిపోతుంది. చెంచా పట్టుకోగలగడానికీ, ఎవరో తినిపించడానికీ మధ్య దూరం ఒక్కోసారి అంతే.

ఆ లెక్కలోనే మీకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. మొదటి 24 నుంచి 36 గంటల దాకా ఆలస్యం పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతూ పోయింది, ఆ తర్వాత గీత దాదాపు బల్లపరుపుగా సాగింది. అంటే 24 అన్నది గీసిన గీటు కాదు. 23వ గంటకీ 25వ గంటకీ మధ్య ఏ మాయా లేదు. 10వ గంట 20వ దానికన్నా మేలు, 20వది 30వ దానికన్నా మేలు, అంతే. 2024లో ఏఓ స్పైన్, ప్రాక్సిస్ అనే వెన్నెముక, వెన్నుపాము సంస్థలు కలిసి తెచ్చిన మార్గదర్శకాలు 24 గంటల లోపు ఆపరేషన్‌ను పెద్దవాళ్లకు మొదటి ఎంపికగా ఇవ్వమన్నాయి, 2017లో "ఆలోచించవచ్చు" అన్నదాన్ని ఇప్పుడు గట్టిగా చెప్పాయి. 8 గంటలు, 12 గంటలు అన్న అతి త్వరిత లెక్కకు మాత్రం ఆధారం ఇంకా చాలలేదని అవే అన్నాయి. యూరప్‌లో 12 గంటలను గీటుగా పెట్టుకుని చేసిన అధ్యయనంలోనూ స్పష్టమైన తేడా తేలలేదు.

ఒక హెచ్చరిక. పైన చెప్పిన 2012, 2021 లెక్కలు లాటరీ తీసి రోగులను రెండు గుంపులు చేసినవి కావు. ఆలస్యమైనవాళ్లలో ఛాతీ దెబ్బలు, ఇతర జబ్బులు ఉన్నవాళ్లు, దూరం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి "24 లోపు చేస్తే నడుస్తాడు" అని ఎవరైనా అంటే నమ్మకండి. అవకాశం పెరుగుతుంది, హామీ లేదు.

అన్ని మెడ దెబ్బలూ ఒకటి కావు. గంటల విలువ ఎంతన్నది దెబ్బ రకం చెబుతుంది.

మీ బాబాయిది, మీరు చెప్పిన దాన్ని బట్టి, రెండు పక్కలా కీళ్లు దాటిపోయి పూస జారిన రకం. పూస పావు వంతు జారితే సాధారణంగా ఒక పక్క కీలు, సగం జారితే రెండు పక్కలా కీళ్లు దాటాయని అర్థం. గంటలకు అన్నిటికన్నా ఎక్కువ విలువ ఉండేది ఈ రకంలోనే, ఎందుకంటే పూస అలా ఉన్నంతసేపూ వెన్నుపాము మెలిక పడిన గొట్టంలా నలుగుతూనే ఉంటుంది. దక్షిణాఫ్రికా రగ్బీ ఆటగాళ్ల మీద 2011లో వచ్చిన ఒక పరిశీలన దీన్ని చూపించింది. పూస జారి పూర్తిగా చచ్చుబడిన 32 మందిలో ఎనిమిది మందికి నాలుగు గంటల లోపు పూసను సరిచేశారు, వాళ్లలో ఐదుగురు పూర్తిగా కోలుకున్నారు. నాలుగు గంటల తర్వాత సరిచేసిన మిగతా 24 మందిలో పూర్తిగా కోలుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. చిన్న లెక్కే, యువకుల లెక్క, అయినా ఈ ఒక్క రకంలో గడియారం ఎంత కచ్చితంగా తిరుగుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇక్కడ సరిచేయడం అంటే ఆపరేషనే కానక్కర్లేదు. తల బరువుల పద్ధతి ఉంది, ట్రాక్షన్. చెవి పైన ఒక సెంటీమీటరు ఎత్తున రెండు పక్కలా టాంగ్స్ (పుర్రెను పట్టుకునే లోహపు కొక్కెం) బిగించి, దానికి బరువులు వేలాడదీసి, నాలుగైదు కిలోలతో మొదలుపెట్టి, రెండు రెండున్నర కిలోల చొప్పున పెంచుతారు. ప్రతి పెంపు తర్వాత ఎక్స్‌రే, ప్రతిసారీ చేతులూ కాళ్లూ పరీక్ష. రోగి మెలకువగా ఉండి "ఇప్పుడు తిమ్మిరి పెరిగింది" అని చెప్పగలగాలి. కొత్తగా బలహీనత వస్తే, పూసల మధ్య సందు అతిగా తెరుచుకుంటే ఆపేయాలి. మనిషి స్పృహలో లేకపోయినా, తాగి ఉన్నా, పుర్రెకీ మొదటి పూసకీ మధ్య ఎడం కనిపిస్తున్నా ఈ జోలికి వెళ్లరు. జారిన పూస వెనక డిస్క్ ముక్క ఉండి, లాగినప్పుడు అది వెన్నుపాము మీదికి వస్తుందేమోనన్న భయంతో కొందరు ముందు ఎంఆర్ఐ అడుగుతారు. మెలకువగా ఉన్న రోగికి నేరుగా ట్రాక్షన్ మొదలుపెట్టే సెంటర్లూ ఉన్నాయి. రెండూ సరైన పద్ధతులే. మీరు చూడాల్సింది ఒకటే, ఎంఆర్ఐ కోసం ఆరు గంటలు వరసలో పడుకోబెట్టి, ట్రాక్షన్ కూడా పెట్టకుండా ఉంచే పరిస్థితి రాకూడదు. స్టీలు టాంగ్స్ బిగించాక ఎంఆర్ఐ గదిలోకి పంపరు, కాబట్టి ఏది ముందో వాళ్లు మొదట్లోనే తేల్చుకోవాలి.

ఎముక పగిలి ముక్కలు వెనక్కి గుచ్చుకున్న రకం, డిస్క్ పెద్దగా జారిన రకం కూడా 24 గంటల లెక్కలోకే వస్తాయి. ముందు నుంచి వెళ్లి డిస్క్ లేదా పగిలిన పూస తీసి, ఆ ఖాళీలో ఎముక ముక్కో, కేజ్ అనే చిన్న ఇంప్లాంటో పెట్టి, ప్లేటు బిగిస్తారు.

వేరే రకం ఇంకోటి ఉంది. అరవై దాటిన మనిషి బాత్రూంలో ముందుకు పడి గడ్డం నేలకు కొట్టుకుంటుంది, మెడ వెనక్కి విరుచుకుంటుంది. ఎముక విరగదు. కానీ గొట్టం ముందే ఇరుకుగా ఉంది కాబట్టి వెన్నుపాము మధ్యలో నలుగుతుంది. చేతులు పడిపోతాయి, కాళ్లు కొంత ఆడుతుంటాయి, వేళ్లు మంటలు పుడతాయి. దీన్ని సెంట్రల్ కార్డ్ అంటారు. ఇందులో తొందర వాదన మునుపటంత బలంగా లేదు. 2021లో జపాన్‌లో లాటరీ తీసి చేసిన పరిశోధన ఒకటి వచ్చింది, గొట్టం ఇరుకు, ఎముక విరగలేదు, సగం బలహీనత ఉన్న సుమారు 70 మంది. ఆసుపత్రిలో చేరిన 24 గంటల లోపు ఆపరేషన్ చేసినవాళ్లూ, కనీసం రెండు వారాలు ఆగి చేసినవాళ్లూ ఏడాదికి సమానంగా వచ్చారు. ముందు చేసినవాళ్లు మొదటి నెలల్లో త్వరగా కోలుకున్నారు, అంతే తేడా. కాబట్టి పక్కింటి తాతగారికి రెండు వారాలు ఆగి చేశారు, బాగానే ఉన్నారు అన్న ఉదాహరణ మీ బాబాయికి వర్తించదు. అదీ మెడ దెబ్బే, ఇదీ మెడ దెబ్బే, కానీ రెండూ ఒకటి కాదు.

వెన్నెముక వెదురుబొంగులా గట్టిపడే జబ్బు ఉన్నవాళ్ల సంగతి కూడా చెప్పాలి. వాళ్ల మెడ అంతకుముందు నుంచే ముందుకు వంగి ఉంటుంది. చిన్నగా పడినా అడ్డంగా విరగొచ్చు. కాలర్ పెట్టి బలవంతంగా నిటారు చేస్తే అక్కడే ఎడం పెరిగి పూర్తిగా చచ్చుబడొచ్చు. పాత వంపు ఎంతో అంతే ఉండేలా తల కింద దిండ్లు పెట్టి తీసుకెళ్లాలి.

ఆపరేషన్ దాకా ఆగే గంటల్లో జరగాల్సింది కూడా వైద్యమే. దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ ఒక్కోసారి కత్తికన్నా ఇదే ఎక్కువ కాపాడుతుంది.

బీపీ. నలిగిన వెన్నుపాములోకి రక్తం వెళ్లాలంటే వెనక నుంచి తోసే ఒత్తిడి ఉండాలి. చూడాల్సింది సగటు బీపీ: పై అంకెకి కింది అంకె రెండింతలు కలిపి మూడుతో భాగిస్తే వస్తుంది. 100/60 ఉంటే సగటు 73, బాగానే ఉంది కదా అనిపిస్తుంది, ఈ రోగికి చాలదు. 120/75 ఉంటే సగటు 90. 2013 సూచనల్లో సగటు 85 నుంచి 90 మధ్య ఏడు రోజులు ఉంచమన్నారు. 2024లో దాన్ని కొంచెం సడలించి 75–80కి తగ్గకుండా, 90–95కి మించకుండా, మూడు నుంచి ఏడు రోజులు అన్నారు. మెడ దెబ్బలో బీపీ పడిపోవడం మామూలు, ఎందుకంటే రక్తనాళాలను బిగించే నరాలు తెగినట్టవుతాయి. దాని గుర్తు: బీపీ 80/50, నాడి 50, చర్మం వెచ్చగా. రక్తం పోయినవాడికి నాడి 120 కొట్టుకుంటుంది, చర్మం చల్లగా ఉంటుంది. ఈ తేడా పట్టకపోతే సెలైన్ మీద సెలైన్ ఎక్కించి ఊపిరితిత్తులు నింపేస్తారు. ఈ రోగికి కావాల్సింది కొంత సెలైన్, ఆపైన రక్తనాళాలను బిగించి బీపీ పెంచే నారడ్రినలిన్ మందు, పంపుతో. అయితే చెట్టు మీంచి పడినవాడికి కడుపులో రక్తస్రావం కూడా ఉండొచ్చు, పొట్టలో నొప్పి తెలియదు కాబట్టి చెప్పడు. పొట్ట స్కాన్ చేశారా అని అడగండి.

గొంతులోకి గొట్టం వేసి కఫం లాగేటప్పుడు, పక్కకి తిప్పేటప్పుడు నాడి ఒక్కసారిగా 30కి పడిపోవచ్చు. నాడి వేగం పెంచే అట్రోపిన్ మందు సిరంజిలో సిద్ధంగా ఉండాలి. అంబులెన్స్‌లో కూడా.

ఊపిరి. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి పీల్చే ముఖ్య కండరం డయాఫ్రమ్. దాన్ని నడిపే నరం మెడలో మూడు, నాలుగు, ఐదు స్థాయిల నుంచి వస్తుంది. మీ బాబాయికి దెబ్బ ఐదు–ఆరు మధ్య కనుక డయాఫ్రమ్ పనిచేస్తోంది, పక్కటెముకల మధ్య కండరాలు పనిచేయవు. అందుకే ఊపిరి తీసినప్పుడు పొట్ట లేచి ఛాతీ లోపలికి పోతుంది. వాపు ఒక స్థాయి పైకి ఎక్కితే పరిస్థితి మారుతుంది. మంచం పక్కనే చేయగలిగే పరీక్ష ఉంది: ఒక్క ఊపిరిలో ఒకటి, రెండు అని ఎంతదాకా లెక్కపెట్టగలరో ప్రతి రెండు గంటలకీ రాసుకోండి. పొద్దున 25 దాకా వెళ్లినవారు మధ్యాహ్నానికి 12 దగ్గర ఆగితే, ఆక్సిజన్ 97 చూపిస్తున్నా సరే, డాక్టరుకి చెప్పండి. ఆక్సిజన్ అంకె పడేది చివర్లో. అలసిపోయి ఆగేది చాలాసార్లు రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్య.

గట్టి బోర్డు. దాని మీద మోసుకెళ్లాలి, పడుకోబెట్టి ఉంచకూడదు. స్పర్శ లేని పిరుదు ఎముక మీద రెండు గంటల్లో చర్మం దెబ్బతినడం మొదలవుతుంది. అది పుండయితే వెనక నుంచి చేయాల్సిన ఆపరేషన్ కూడా వాయిదా పడుతుంది. తల, భుజాలు, నడుము ఒకే దుంగలా నలుగురు పట్టి తిప్పాలి, తల పట్టుకున్నవాడే లెక్క చెప్పాలి.

స్టెరాయిడ్. జిల్లా ఆసుపత్రిలో మిథైల్ ప్రెడ్నిసలోన్ ఇచ్చారా లేదా అని గొడవపడకండి. 8 గంటల లోపు వస్తే కిలోకి 30 మిల్లీగ్రాముల మొదటి మోతాదు, ఆ తర్వాత 23 గంటల పాటు గంటకి కిలోకి 5.4 చొప్పున ఇవ్వడాన్ని కొందరు ఒక ఎంపికగా ఒప్పుకుంటారు, 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు అసలు వద్దన్నాయి. ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం, చక్కెర పెరగడం దాని ఖర్చు. మీకు 8 గంటలు దాటాయి, ఇప్పుడు మొదలుపెట్టడంలో అర్థం లేదు. డెక్సామెథసోన్ ఇంజక్షన్లకు ఈ దెబ్బలో ఆధారం లేదు.

గంటలు ఎక్కడ పోతాయో తెలిస్తే కొన్నయినా పట్టుకోవచ్చు. వైద్యం వల్ల పోయేవి తక్కువ. మొదటి ఆసుపత్రిలో ఎంఆర్ఐ లేక ఇంకో ఊరికి, అక్కడ ఐసీయూ మంచం లేక మరో చోటికి తిరగడంలో పోతాయి. తర్వాత ఇంప్లాంట్ల దగ్గర: మెడ ప్లేట్లు, స్క్రూల సెట్టు చాలా ఆసుపత్రుల్లో అల్మారాలో ఉండదు, కంపెనీ మనిషి తెస్తాడు, వచ్చాక స్టెరిలైజ్ చేయాలి. రాత్రి పదకొండుకి ఫోన్ చేస్తే పొద్దున వస్తుంది. చేరగానే "ఇంప్లాంట్ సెట్టు చెప్పారా?" అని అడగడం మీ హక్కు, ఎవరూ తప్పు పట్టరు. ఆరోగ్యశ్రీ మీద వెళ్తుంటే అత్యవసర కేసులకు ఫోన్‌లోనే అనుమతి తీసుకునే దారి ఉంది, ఆరోగ్యమిత్రను మొదటి పది నిమిషాల్లో కలవండి. రేషన్ కార్డు, ఆధార్ ఇంట్లో మరిచిపోయి పొద్దున తెస్తామనే కుటుంబాలకు సగం రోజు ఊరికే పోతుంది.

ఆగడం సరైన సందర్భాలూ ఉన్నాయి, సర్జన్ ఆగుదామంటే వెంటనే అనుమానించకండి. ఊపిరితిత్తి నలిగి ఆక్సిజన్ నిలబడకపోతే, పొట్టలో రక్తస్రావం ఆగకపోతే, బీపీ మందుల మీద కూడా నిలవకపోతే మెడ రెండో స్థానానికి వెళ్తుంది. అలాంటి మనిషిని బోర్లా పడుకోబెడితే టేబుల్ మీదే పోవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి వార్‌ఫరిన్ అయితే విరుగుడు ఇచ్చి చేస్తారు, క్లోపిడోగ్రెల్ అయితే లాభనష్టాలు తూచుకోవాలి. గంటగంటకీ తనంతట తానే బలం వస్తున్న రోగికి, పూసలు స్థిరంగా ఉంటే, ఒక రోజు చూడటం తప్పు కాదు. రాత్రి రెండింటికి అనుభవం లేని చేతులతో కన్నా పొద్దున ఆరింటికి వెన్నెముక చేసే మనిషితో చేయించడం మేలు. కానీ ఆగుతున్నప్పుడు కారణం చెప్పగలగాలి. "ఫలానాది సరిపడేదాకా" అంటే కారణం. "వాపు తగ్గేదాకా" అంటే కాదు.

ముందే అడగాల్సిన ఇంకో ప్రశ్న: ఒత్తిడి పూర్తిగా తీస్తున్నారా? ప్లేటు చక్కగా కూర్చుంది, ఎక్స్‌రే అందంగా ఉంది, కానీ ఎంఆర్ఐలో వెన్నుపాము చుట్టూ నీరు కనిపించడం లేదు అంటే గంటలు కాపాడి పని సగం చేసినట్టు. వాపు రెండు మూడు పూసల మేర ఉన్నప్పుడు ముందు నుంచి ఒక్క డిస్క్ తీస్తే చాలకపోవచ్చు, వెనక నుంచి కూడా ఎముక కప్పు తీయాల్సి రావచ్చు. ఆపరేషన్ తర్వాత ఎంఆర్ఐ తీసే ఉద్దేశం ఉందా అని అడగండి.

మత్తు డాక్టరుకి ఒక సంగతి గుర్తుంటుంది, అయినా చెబుతున్నాను: చచ్చుబడి రెండు మూడు రోజులు దాటాక మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ మందు వాడితే రక్తంలో పొటాషియం ఎగిరి గుండె ఆగొచ్చు. ఆపరేషన్ ఆలస్యమైతే వచ్చే ఇబ్బందుల్లో ఇదొకటి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ రకం సూది సాధారణంగా దెబ్బ తగిలిన 72 గంటల లోపు మొదలవ్వాలి, ఆపరేషన్ ఎంత ఆలస్యమైతే అది అంత చిక్కుపడుతుంది. అప్పటిదాకా కాళ్లకు గాలి పంపే పట్టీలు.

ఫలితం గురించి. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది పాదంలో స్పర్శ ఉంది అన్న ముక్క. అది నిజమైతే, మలద్వారం చుట్టూ కూడా స్పర్శ ఉందని పరీక్షలో తేలితే, ఆయనది పూర్తిగా తెగిన దెబ్బ కాదు, అంటే గ్రేడు 'ఏ' కాదు, కనీసం 'బీ' అయినా అవుతుంది. అక్కడ గుండుసూది మొన తెలిస్తే ఇంకా మంచి గుర్తు. ఆ పరీక్ష చేసి, సమయం వేసి, కాగితం మీద రాయించండి. ఆపరేషన్‌కి ముందు రాసిన ఆ కాగితం లేకపోతే తర్వాత మెరుగైందో లేదో చెప్పేందుకు ఆధారం ఉండదు. మొదటి రోజుల్లో కండరాలన్నీ వేలాడిపోయి, ఏ ప్రతిక్రియా లేకుండా ఉండటం స్పైనల్ షాక్ (దెబ్బకి వెన్నుపాము కొన్నాళ్లు స్తంభించిపోవడం) వల్ల కూడా కావచ్చు, దాన్ని చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు. తిరిగి వచ్చే బలంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలల్లో వస్తుంది, ఆ తర్వాత కూడా కొంత వస్తుంది.

పూర్తిగా తెగిన దెబ్బయినా త్వరగా చేయడానికి కారణం ఉంటుంది. మెడ స్థిరపడితే మూడో రోజుకి కూర్చోబెట్టొచ్చు, కఫం తీయొచ్చు, పుండ్ల ముప్పు తగ్గుతుంది, వెంటిలేటర్ నుంచి బయటికి రావడం తేలికవుతుంది. మెడలో ఒక్క స్థాయి నరం తిరిగి వచ్చినా చాలా తేడా.

ఆ ఒక్క స్థాయి మాటకే ఇంకో సంగతి. ఆరో స్థాయి నరం నిలబడితే మణికట్టు పైకి లేపగలుగుతారు. మణికట్టు పైకి లేస్తే వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడు వేలు పక్కకి చేరుతుంది. వేళ్లకు బలం లేకపోయినా గ్లాసు, చెంచా, దువ్వెన పట్టుకునేది ఆ ముడుపుతోనే. ప్రేమతో ఇంట్లోవాళ్లు రోజూ నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి, వేళ్లన్నీ బల్లపరుపుగా సాగదీస్తుంటారు, దాంతో ఆ ముడుపు పోతుంది. వేళ్లు చాచాలంటే మణికట్టు కిందికి వంచి చాచండి, మణికట్టు పైకి ఎత్తినప్పుడు వేళ్లను ముడుచుకోనివ్వండి. ఐసీయూలో మొదటి రోజు నుంచే.